మహ్ లఖా బాయి చందా

మహ్ లఖా బాయి చందా (1768 ఏప్రిల్ 7 - 1824) హైదరాబాదు అసఫ్ జాహీ దర్బారుకు చెందిన ఉర్దూ కవయిత్రి, గాయని, నర్తకి. రెండవ నిజాము అలీ ఖాన్, మూడవ నిజాము సికిందర్ జా పాలనా కాలాలలో ఈమె జీవించింది. అసలు పేరు చందా బీబీ. మహ్ లఖా బాయి అనేది నిజాము ఇచ్చిన బిరుదు. దానికి చంద్రవదన అని అర్థం. కవిత్వంలో చందా అనే కలంపేరు వాడింది. ఉర్దూలో సొంత దీవానును (గజళ్ళ సంపుటిని) కూర్పించుకొన్న తొలితరం స్త్రీలలో ఈమె ఒకరు.

కుటుంబ నేపథ్యం

చందా తల్లి రాజ్ కన్వర్ బాయి. తండ్రి బహదూర్ ఖాన్ మొగలు కొలువులో మన్సబుదారు. తల్లి తరఫు కుటుంబం గుజరాత్ నుండి రాజస్థాన్ మీదుగా దక్కనుకు వలస వచ్చింది. కుటుంబ పోషణ భారం స్త్రీల మీదే పడగా, వారు ఆటపాటలనే జీవనాధారం చేసుకొన్నారు. చందాకు అమ్మమ్మ పేరే పెట్టారు.

నిజాం అలీ ఖాన్ రాజధానిని ఔరంగాబాదు నుండి హైదరాబాదుకు మార్చడంతో సైనికులు, వర్తకులతో పాటు కళాకారులు కూడా ఈ నగరానికి తరలివచ్చారు. చందా దగ్గరి బంధువైన మెహతాబ్ కన్వర్, ప్రధానమంత్రి రుక్నుద్దౌలా ఆదరణకు పాత్రురాలైంది. సంతానం లేని మెహతాబ్ చందాను దత్తత తీసుకొన్నది. ఆ విధంగా చందా ప్రధానమంత్రి ఇంట పెరిగి, ఆ ఇంటి గ్రంథాలయాన్ని, పండితుల సాంగత్యాన్ని చిన్ననాటనే పొందగలిగింది. అయితే 1775లో రుక్నుద్దౌలా హత్యకు గురయ్యాడు. అప్పటికి చందా వయస్సు ఏడేళ్ళు. ఆ తరువాత ఆమె ఎదుగుదలకు విద్యయే ఆధారమైంది.

ఇటువంటి స్త్రీలను ఉత్తర భారతంలోను, దక్కనులోను తవాయిఫులు అనేవారు. వేశ్య అనే మాట దీనికి సరిపోదు. తెలుగు దేశపు రాజదాసీల సంప్రదాయం దీనికి దగ్గరి పోలిక. చందాకు ముందుతరంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో రాధికాసాంత్వనము రచించిన ముద్దుపళని కూడా ఇటువంటి నేపథ్యం నుండి వచ్చినదే. కులస్త్రీలకు చదువు అందని ఆ కాలంలో కావ్యం రాయడానికి, సభలో పాడడానికి, సొంత ఆస్తి కలిగి ఉండడానికి ఈ వర్గపు స్త్రీలకే ఎక్కువ వీలుండేది. ఆ వీలు ప్రభువుల దయ మీద ఆధారపడినది.

సంగీత శిక్షణ

చందాకు సంగీతం నేర్పిన గురువు ఖుషాల్ ఖాన్. ఇతడు తాన్ సేన్ వంశీకుడు. అనూప్ అనే కలంపేరుతో పాటలు కట్టేవాడు. సంగీత శాస్త్రంపై రాగదర్శన్ అనే గ్రంథం కూడా రచించాడు. ఢిల్లీ దర్బారు క్షీణించిన తరువాత అక్కడి సంగీత విద్య ఇటువంటి గురువుల ద్వారానే హైదరాబాదు చేరింది. చందా ఖయాలు, టప్పా వంటి రీతులలో ఆరితేరింది. కవిత్వంలో ఆమెకు గురువు షేర్ ముహమ్మద్ ఖాన్ ఈమాన్.

దర్బారులో స్థానం

చందా గానం, నృత్యం, మాటకారితనం నిజాం అలీ ఖానును ఆకట్టుకొన్నాయి. ఆమె గుర్రపుస్వారీ, విలువిద్య కూడా నేర్చింది. నిర్మల్, పానగల్ మొదలైన చోట్లకు సాగిన దండయాత్రలలో పురుష వేషం ధరించి నిజాము వెంట వెళ్ళింది. నిజాము ఆమెను ఉమ్రాల (ప్రభువుల) శ్రేణిలో చేర్చి జాగీర్లు ప్రసాదించాడు. హైదర్ గూడ, అడిక్ మెట్ వాటిలోనివి. ఆమె పల్లకి బయలుదేరితే నగారాలు మోగేవి, వెంట సైనికులు నడిచేవారు. ఒక స్త్రీకి, అందునా తవాయిఫుకు, ఈ మర్యాద దక్కడం అసాధారణం.

1804లో ప్రధానమంత్రి అయిన మీర్ ఆలం (పాతబస్తీ పడమట ఉన్న చెరువు ఇతని పేరు మీదిదే) ఆమెను ప్రశంసిస్తూ కావ్యం రాశాడు. మరాఠా ప్రభువు రాజా రావు రంభా, మహారాజా చందూలాల్ కూడా ఆమె అభిమానులే. ఆమె మాత్రం ఎవరినీ వివాహమాడలేదు. బాలికలను చేరదీసి సంగీత నృత్యాలు నేర్పించింది. వారిలో హుస్న్ లఖా బాయి పేరు తెలిసినది.

దీవాను

ఈమె గజళ్ళ సంపుటి గుల్జారె మహ్ లఖా. ప్రతి గజలులో ఐదేసి షేర్లు (ద్విపదలు) ఉంటాయి. చివరి షేరులో కవి పేరుతో పాటు హజ్రత్ అలీ స్మరణ ఉంటుంది. షియాలకు పవిత్రమైన పంజతన్ (ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్) సంఖ్య ఐదు కనుక ఈ నియమాన్ని కావాలనే పాటించినట్లు భావించవచ్చు. పైకి ప్రేమగీతాలుగా సాగి చివరకు భక్తితో ముగియడం ఈ గజళ్ళ ప్రత్యేకత.

1798లో తయారైన ఈ దీవాను ప్రతిని ఆమె 1799లో ఆంగ్లేయ అధికారి కెప్టెన్ జాన్ మాల్కంకు బహూకరించింది. శ్రీరంగపట్నం పతనమై టిప్పు సుల్తాన్ మరణించిన సంవత్సరమది. హైదరాబాదులో ఆంగ్లేయుల మాటకు బలం పెరుగుతున్న సమయం. నృత్య ప్రదర్శన ఇచ్చే స్త్రీ తన కానుకగా ఒక గ్రంథాన్ని అందించడం గమనించదగినది. ఆ ప్రతి లండనులోని బ్రిటిష్ లైబ్రరీకి చేరింది.

ఉర్దూలో దీవాను కూర్చిన మొట్టమొదటి స్త్రీ ఈమేనని చాలాకాలం భావించారు. కాని దక్కనుకే చెందిన లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాను 1797 నాటిదని తరువాత తేలింది. ఒక్క సంవత్సరం తేడాతో ప్రథమ స్థానం మారినా, అజ్ఞాతంగా ఉండిపోయిన ఇంతియాజ్ కంటె చందా పేరే ఎక్కువ ప్రచారంలో ఉన్నది.

ఆమె గజళ్ళు నిలిచినా వాటిని పాడిన బాణీలు నిలవలేదు. నాటి హిందుస్తానీ సంగీతం గురుముఖంగానే సాగేది, స్వరాలను కాగితంపై పెట్టే అలవాటు లేదు. సరిగా 1824లోనే మరణించిన వియన్నా స్వరకర్త మరియా థెరీసియా ఫాన్ పారాడిస్ రచనలు కొన్ని స్వరలిపిలో ఉన్నందున నేటికీ వాయించగలుగుతున్నారు. చందా విషయంలో ఆ అవకాశం లేదు. బహుశా ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఎందుకంటే కాగితం మీద, రాతి మీద నిలిచే పనులపై ఆమె ఎంతో ధనం వెచ్చించింది. గ్రంథాలయం ఏర్పరచుకొన్నది. గులాం హుసేన్ ఖాన్ జౌహర్ చేత మహ్ నామా అనే పారశీక దక్కను చరిత్రను రాయించింది. రాజుల చరిత్రతో పాటు ఆమె జీవితకథ కూడా అందులో చేరింది. ఆమె గురించి నేడు తెలిసిన సంగతులలో అధిక భాగం అందులోనివే.

మౌలాలి కట్టడాలు

మౌలాలి గుట్టపై హజ్రత్ అలీ పేరిట ఉన్న దర్గా కుతుబ్ షాహీల కాలం నాటిది. చందా కడుపులో ఉండగా తల్లికి గర్భస్రావం కాబోయిందని, దర్గా నుండి తెచ్చిన దారం, ధూపంతో గండం గడిచిందని ఒక కథ ఉన్నది. ఏటా రజబ్ నెలలో జరిగే ఉర్సులో ఆమె తప్పక పాల్గొనేది. 1792లో తల్లి మరణించగా గుట్ట దిగువన ప్రహరీతో తోట వేయించి అందులో సమాధి కట్టించింది.

1824లో హైదరాబాదులో మరణించిన మహ్ లఖా బాయిని తల్లి ప్రక్కనే ఖననం చేశారు. గుల్జారె మహ్ లఖా అదే సంవత్సరం వెలువడింది.

కాలక్రమంలో ఆ తోట శిథిలమై చెత్తతో నిండిపోయింది. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయంతో చేపట్టిన పునరుద్ధరణ పనులు 2011 నాటికి పూర్తయ్యాయి. స్కాట్ కూగల్ అనే పరిశోధకుడు ఈ కృషిలో పాలుపంచుకొని, 2016లో ఆమె కవిత్వంపై ఒక గ్రంథం ప్రకటించాడు. అడిక్ మెట్ జాగీరు భూములలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది.