ముహూర్తమెరిగిన రూపకర్త: సెర్గేయ్ కొరల్యోవ్

అంతరిక్షయుగానికి ద్వారాలు తెరచిన సెర్గేయ్ పావ్లొవిచ్ కొరల్యోవ్ పేరు ఆయన జీవించియున్నంత కాలం లోకానికి తెలియదు. సోవియట్ పత్రికలు ఆయనను ప్రధాన రూపకర్త అని మాత్రమే పేర్కొనేవి. స్పుత్నిక్ గురించి, గగారిన్ గురించి మనం తరచు వింటూనే ఉన్నాము. అంతగా వినని ఘట్టమొకటి 1962 ఆగస్టులో జరిగింది. దానిని ఆ మహనీయుని జీవితంతో జోడించి విద్యార్థిలోకం ముందుంచడం మా ఉద్దేశం.

కొరల్యోవ్ 1907 జనవరి 12న ఉక్రెయిన్‌లోని జితోమిర్ పట్టణంలో జన్మించారు. తల్లిదండ్రులు విడిపోగా బాల్యం మాతామహుల ఇంట గడిచింది. ఒడెస్సాలో వృత్తివిద్య నేర్చే రోజులలోనే గ్లైడర్లపై మనసు నిలిచింది. కీవ్‌లోను, అటుపై మాస్కోలోను సాంకేతిక విద్య నభ్యసించి, ప్రఖ్యాత విమాన రూపకర్త తూపొలెవ్ పర్యవేక్షణలో పట్టా పుచ్చుకున్నారు. 1931లో మాస్కోలోని రాకెట్ ఔత్సాహికుల బృందంలో చేరారు. 1933 ఆగస్టు 17న వారి తొలి రాకెట్ నింగికెగిరింది.

ఇంతలో పిడుగు పడింది. స్టాలిన్ కాలపు నిర్బంధకాండలో, 1938 జూన్ 27న, చేయని నేరానికి ఆయనను బంధించారు. చిత్రహింసల అనంతరం కొలిమా ప్రాంతపు బంగారు గనికి పంపారు. అక్కడి చలికి, ఆకలికి, వ్యాధికి ఆయన పళ్ళు ఊడిపోయాయి. తరువాత ఖైదీ ఇంజనీర్ల కార్యాలయానికి మార్చారు. 1944లో విడుదల లభించింది. నిర్దోషి అన్న ప్రకటన 1957 వరకు రాలేదు. యౌవనంలో ఆరేండ్లు అట్లు హరించుకుపోయాయి. అయినను ఆ ప్రభుత్వం కోసమే 1946 నుండి దూరగామి రాకెట్ల నిర్మాణభారం వహించారు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్‌ను, 1961 ఏప్రిల్ 12న గగారిన్‌ను ఆయన రాకెట్లే కక్ష్యకు చేర్చాయి.

ఆ పిమ్మట ఆయన ముందు నిలిచిన సమస్య ఇది: తిరుగుతున్న ఒక నౌక చెంతకు మరొక నౌకను పంపడమెట్లు? గోళపటం చుట్టూ ఒక గాజును వాలుగా నిలిపి, గోళాన్ని మాత్రం త్రిప్పినట్లు ఊహించుకుందాము. గాజు నౌక యొక్క కక్ష్య. గోళం మన భూమి. వొస్తోక్ నౌకల కక్ష్య భూమధ్యరేఖకు 65 డిగ్రీల వాలులో ఉండేది. భూమి తిరిగేకొద్దీ బైకనూర్ ప్రయోగ వేదిక ఆ కక్ష్య అంచు క్రిందికి దినానికి రెండుమార్లు వస్తుంది. ఈశాన్య దిశగా ప్రయోగించాలి కనుక అందులో ఒక్కటే పనికివచ్చే ముహూర్తం. ప్రతి ఊరికి నమాజు వేళలను విడివిడిగా గణించినట్లే, దీనిని కూడా స్థలాన్ని, దినాన్ని బట్టి గణించవలసినదే.

భూమి 4 నిమిషాలకు 1 డిగ్రీ తిరుగుతుంది. అంతమాత్రం ఆలస్యమైతే రెండవ నౌక కక్ష్య దాదాపు 1 డిగ్రీ ప్రక్కకు పోతుంది. సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగంతో పరుగిడే నౌకను ఆ కాస్త మళ్ళించడానికి సెకనుకు 100 మీటర్లకు పైబడిన వేగాన్ని ప్రక్కవాటుగా ఇవ్వాలి. వొస్తోక్‌లో అందుకు తగిన సాధనమే లేదు. ఉన్న ఒక్క యంత్రం వ్యోమగామిని భూమికి దింపడానికి ఉద్దేశించినది. కనుక భారమంతా ముహూర్తంపైనే పడింది.

1962 ఆగస్టు 11న నికొలాయెవ్‌తో వొస్తోక్-3 బయలుదేరింది. మరునాటికి అదే వేదికను మరల సిద్ధం చేసి, ఆగస్టు 12న పొపొవిచ్‌తో వొస్తోక్-4ను పంపారు. 24 గంటలు నిండడానికి ఇరవై నిమిషాలకు పైగా ముందే అది లేచింది. భూమి నక్షత్రాల దృష్ట్యా ఒక చుట్టు 23 గంటల 56 నిమిషాలకే పూర్తిచేయడం ఇందుకొక కారణం. భూమి నడుము ఉబ్బెత్తుగా ఉన్నందున కక్ష్యయే ప్రతిదినం కొన్ని డిగ్రీలు పడమరకు జరగడం మరొకటి. ఆ వేళకు మొదటి నౌక కూడా చుట్లు ముగించుకొని అక్కడికి రావలసియున్నది. లెక్క ఫలించింది. రెండు నౌకల నడుమ దూరం సుమారు 6.5 కిలోమీటర్లకు తగ్గింది. దారి మార్చుకొనే శక్తి లేనందున అవి క్రమంగా ఎడమైనాయి. వ్యోమగాములిద్దరు ఆగస్టు 15న, నిమిషాల తేడాతో, క్షేమంగా నేలకు దిగారు.

నౌకలు దారి మార్చుకొని కలుసుకొనేటట్లు కొరల్యోవ్ సొయూజ్‌ను రూపొందించసాగారు. ఈలోగా 1965 డిసెంబరు 15న అమెరికా వారి జెమిని-6, జెమిని-7 నౌకలు అతి సమీపంలో కలుసుకొన్నాయి. మరుసటి నెల, 1966 జనవరి 14న, శస్త్రచికిత్స సమయంలో కొరల్యోవ్ 59వ యేట కన్నుమూశారు. ఆ పిదపనే ఆయన పేరు లోకానికి వెల్లడైంది. మానవరహిత సొయూజ్ నౌకలు రెండు 1967 అక్టోబరు 30న ఆకాశంలో జతగూడాయి. దానిని చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు.

1984 ఏప్రిల్ 3న మన హైదరాబాదు నిజాం కళాశాల పూర్వవిద్యార్థి రాకేశ్ శర్మ సొయూజ్ టి-11లో బైకనూర్ నుండే బయలుదేరి, మరునాడు సాల్యూత్-7 కేంద్రాన్ని చేరారు. ఆ ప్రయాణానికి వేళ నిర్ణయించినది కూడా ఈ వాలుకక్ష్య లెక్కయే. తన ఆరేండ్లను అన్యాయంగా పోగొట్టుకొన్న మనిషి, మిగిలిన కాలాన్ని నిమిషాలుగా లెక్కగట్టి ఇతరుల ప్రాణాలను కాపాడారు. పరీక్షల వేళను, పనివేళను చులకనగా చూసే మనకు ఆ జీవితం నేర్పవలసినది కొంత ఉన్నదని మేము భావిస్తున్నాము.