దేశబాంధవి దువ్వూరి సుబ్బమ్మగారు

కోనసీమకు గౌతమీనది ఎల్ల. ఆ నదికి ఆవల, భీమేశ్వరుడు వెలసిన పంచారామక్షేత్రమగు ద్రాక్షారామమున 1880వ సంవత్సరమున సుబ్బమ్మగారు జన్మించిరి. బాల్యముననే వివాహము జరిగెను; చిన్నతనముననే వైధవ్యము ప్రాప్తించెను.

ఆనాటి ఆచారమునుబట్టి బాలవితంతువునకు ఇంటి మూలయే గతి. శుభకార్యములందు ఆమె ఎదురుపడుటయే అపశకునము. సుబ్బమ్మగారు ఆ విధికి తలయొగ్గలేదు. సంస్కృతాంధ్రములను శ్రద్ధతో అభ్యసించిరి. ఆ విద్యయే ఆమెకు ధైర్యమునిచ్చెను, వాక్కునిచ్చెను.

సహాయనిరాకరణోద్యమకాలమున ఆమె గడప దాటి ఊరూర తిరిగిరి. శ్లోకములతో, పద్యములతో సాగెడి ఆమె ప్రసంగములు అక్షరమెరుగని తల్లులకు సైతము హృదయమునకెక్కెను. 1922లో ప్రభుత్వము ఆమెకు ఏడాది కారాగారశిక్ష విధించెను. క్షమాపణ చెప్పినచో విడిచెదమనిరి, ఆమె అంగీకరింపలేదు. స్వాతంత్ర్యసమరమున చెరసాలకేగిన తొలి ఆంధ్రమహిళగా ఆమె పేరు నిలిచెను. ఉప్పుసత్యాగ్రహమున మరల చెర ననుభవించిరి. లోకము ఆమెను దేశబాంధవి యని గౌరవించెను.

స్వరాజ్యముతోపాటు స్త్రీవిద్యయు ఆమెకు వ్రతమే. ఇంటింట చందాలు యాచించి, రాజమహేంద్రవరమున సనాతన స్త్రీవిద్యాలయమును నెలకొల్పిరి. తనకొరకు చేయి చాపని ఆ తల్లి ఆడుబిడ్డల చదువునకై జోలె పట్టుటకు సిగ్గుపడలేదు.

స్వతంత్రభారతమును కన్నులార గాంచి, 1964 మే 31వ తేదీన, ఎనుబదినాలుగవ యేట ఆమె పరమపదించిరి. మూల గదికి పరిమితము కావలసిన బాలికను దేశమునకు బంధువుగా చేసినది విద్య. ఆ విద్యను ఆమె తనయొద్దనే దాచుకొనక పదిమందికి పంచిరి. ఆడపిల్లకు చదువేలయని సందేహించు ప్రతి గృహమునను ఆమె చరితము చెప్పుకొనదగినది.