వినికిడి తగ్గినా నోటి మాటనే నమ్మిన గిడుగు

ఏటా ఆగస్టు 29న జరుపుకొనే తెలుగు భాషా దినోత్సవం గిడుగు వేంకట రామమూర్తి పంతులు జయంతి. వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగా ఆ రోజు ఆయన పేరు ఊరూరా వినిపిస్తుంది. అంతగా ప్రస్తావనకు రాని విషయం మరొకటి ఉంది. మనుషుల నోటి మాటను పరిశీలించడానికే జీవితాన్ని ధారపోసిన ఈ భాషావేత్తకు వినికిడి శక్తి చాలామటుకు పోయింది.

రామమూర్తి 1863లో శ్రీకాకుళ ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. శ్రీముఖలింగ క్షేత్రం అక్కడికి సమీపంలోనే ఉంది. చిన్నతనంలోనే తండ్రి వీర్రాజు మరణించడంతో విజయనగరంలోని మేనమామ ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. పట్టభద్రుడైనది ఆ తర్వాత, ఉద్యోగం చేస్తూనే. ముఖలింగ ఆలయ శాసనాలలోని ప్రాచీన లిపిని సైతం గురువు లేకుండానే నేర్చుకున్నారంటే ఆయన పట్టుదల ఎటువంటిదో ఊహించవచ్చు.

పర్లాకిమిడి పరిసరాల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకొని రామమూర్తి ఆ భాష అభ్యసించారు. కానీ ఒక్కరి పలుకుతో భాష పూర్తిగా చేతికి అందదు. ఆయన కొండ దారులు పట్టి గూడేలకు స్వయంగా వెళ్లేవారు. ఆ పర్యటనలలోనే మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిని, ఆ లోపం జీవితాంతం వెంటాడింది.

సవర భాషలో గొంతులో ఊపిరిని క్షణకాలం బిగబట్టి వదిలే ధ్వని ఒకటుంది. తెలుగు అక్షరమాలలో దానికి గుర్తు లేదు. ధ్వని తేడాలను ఇంత సూక్ష్మంగా పట్టుకోవలసిన పనిలో ఉన్న మనిషికి చెవులే సహకరించకపోవడం ఎంతటి దెబ్బో చెప్పనక్కరలేదు. అయినా ఆయన ఆ అధ్యయనం మానలేదు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపారు, వారి భాషలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. ఈ కృషికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకే బడి పెట్టించమని కోరారు. కుమారుడు సీతాపతి సైతం సవర భాషాధ్యయనంలో పాలుపంచుకున్నారు.

హెన్రీ స్వీట్, ఆటో యెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషావేత్తల గ్రంథాలు చదివిన రామమూర్తికి జీవద్భాష విలువ బోధపడింది. ఆ చూపుతో తెలుగు బడుల వైపు తిరిగితే, పిల్లలు ఎన్నడూ పలకని భాషలో వ్యాసాలు రాయవలసి రావడం కనిపించింది. ఇది కేవలం పదాల తేడా కాదు. వచ్చుచున్నాడు అనే గ్రాంథిక రూపంలో ఐదు అక్షరాలున్నాయి. వాడుకలోని వస్తున్నాడులో నాలుగే. నడిమి హ్రస్వం జారిపోగానే మాట నడక మారిపోతుంది. గ్రాంథిక రచనలో పదాలను సంధి చేసి కలిపే తీరాలి. మాట్లాడే మనిషి ఊపిరి తీసుకొనే చోట సహజంగా ఆగుతాడు. ఎక్కడ ఆగుతాడన్నది అతని వయసు, వృత్తి, ఊరు, స్వభావాన్ని బట్టి మారుతుంది. ఒకే ఇంటి అన్నదమ్ములలోనూ ఒకరు దీర్ఘాన్ని సాగదీస్తే, మరొకరు చివరి హ్రస్వాన్ని దాదాపు మింగేస్తారు.

పాఠశాలల పర్యవేక్షకుడిగా వచ్చిన జె.ఎ. యేట్స్, విశాఖపట్నంలోని పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు కలిసి బోధనలో వాడుక భాష కోసం పోరాడారు. జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారిని గట్టిగా ఎదుర్కొన్నారు. 1915 నాటికి గ్రాంథికవాదులదే పైచేయి అయింది. అదే ఏడాది నవంబరులో గురజాడ కన్నుమూశారు. రామమూర్తి మాత్రం వెనుదిరగలేదు. ఊరూరా సభలు పెట్టి ఉపన్యసించారు. ప్రాచీన తాళపత్రాలు వెదికి, పండితులే తమ వ్యాఖ్యానాలలో వాడుక రూపాలు రాసుకున్నారని చూపించారు. 1919లో తెలుగు అనే మాసపత్రికను ప్రారంభించారు. అది ఏడాదికి మించి సాగలేదు.

మాట లయకు సంబంధించి తెలుగుకు ప్రపంచ ధ్వనిశాస్త్రంలో ఒక చోటు దక్కింది గిడుగు తర్వాతి తరంలో. ఎడిన్‌బరో ఆచార్యుడు డేవిడ్ అబర్‌క్రోంబీ 1967లో వెలువరించిన గ్రంథంలో ఫ్రెంచి, యొరుబాలతో పాటు తెలుగును అక్షరాలు సమాన వ్యవధిలో నడిచే భాషగా పేర్కొన్నారు. పాఠ్యగ్రంథాలలో ఆ విభజన స్థిరపడిపోయింది. అయితే అచ్చుల, హల్లుల నిడివిని యంత్రాలతో కొలవడం మొదలయ్యాక చిత్రం మారింది. ఒకే భాష మాట్లాడే ఇద్దరి మధ్య కనిపించే తేడా కొన్నిసార్లు రెండు భాషల మధ్య తేడాకు తీసిపోదని తేలింది. భాషకంతటికీ ఒకే లయ అంటగట్టడం తొందరపాటేనని ఇప్పుడు పరిశోధకులలో పలువురి అభిప్రాయం. గిడుగు చేతికి అలాంటి యంత్రమేదీ అందలేదు. సవరల విషయంలో వారి నోళ్లే ఆయనకు ఆధారం.

మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో ప్రచురించింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసిపోగా, ఐదు దశాబ్దాలకు పైగా నివసించిన ఆ పట్టణాన్ని విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరుకున్నారు. రామమూర్తి 1940 జనవరి 22న మద్రాసులో తుదిశ్వాస విడిచారు.