మడమ మార్చుకుంటూ బతికిన తుపాకీ: జేమ్స్ పారిస్ లీ జీవితం

జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో దుర్గాపూజ బందోబస్తుకు వచ్చే కానిస్టేబుళ్ల భుజాన త్రీనాట్‌త్రీ రైఫిళ్లు చూస్తూ పెరిగాను. ఒక ఏడాది ఒకరి రైఫిల్‌కు చెక్క మడమ చీలి, టేపు చుట్టి ఉంది. ఆ తుపాకీ అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. అందులోని లీ ఒక గడియారాల మెకానిక్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

జేమ్స్ పారిస్ లీ 1831లో స్కాట్లండ్‌లోని హావిక్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం కెనడాలోని గాల్ట్‌కు వలస వెళ్లింది. పన్నెండేళ్లకే తొలి తుపాకీ చేశాడు. గొట్టం ఒక పాత పిస్తోలుది, మందు పళ్లెం అరపెన్నీ నాణెంతో చేసింది, మడమ నల్ల అక్రోటు చెక్కతో కొత్తగా చెక్కింది. అది సరిగా పేలలేదు. తర్వాత తండ్రి దగ్గర గడియారాల పని నేర్చుకుని, సొంత దుకాణం పెట్టి, ఆపైన అమెరికాలోని విస్కాన్సిన్ చేరాడు.

అక్కడి నుంచి వరుసగా దెబ్బలే. అంతర్యుద్ధం చివర్లో అమెరికా సైన్యం వెయ్యి కార్బైన్లకు ఆర్డరిచ్చింది. గొట్టం కొలతపై తగాదా వచ్చి, తయారైన సరుకును తీసుకోనంది. 1879లో లీ విడదీయగల పెట్టె మ్యాగజైన్‌కు పేటెంట్ పొందాడు. తూటాలు ఒకదానిపై ఒకటి నిలువుగా పేర్చి, స్ప్రింగ్‌తో పైకి నెట్టే ఏర్పాటు అది. దాన్ని తయారు చేయడం మొదలుపెట్టిన షార్ప్స్ కంపెనీ 1881లో మూతపడింది. పని అందుకున్న రెమింగ్టన్ కూడా 1886లో దివాలా తీసింది.

డిజైన్ మాత్రం మునగలేదు. 1888లో బ్రిటన్ లీ బోల్టునూ మ్యాగజైన్‌నూ మెట్‌ఫోర్డ్ గొట్టంతో కలిపి తన సైన్యానికి రైఫిల్ చేసుకుంది. పొగరాని మందు వేడికి ఆ గొట్టం గాడులు త్వరగా అరిగిపోతుంటే, 1895లో ఎన్‌ఫీల్డ్ గాడులు పెట్టింది. మడమ విషయంలోనూ ఎన్‌ఫీల్డ్ ఇంజినీర్లు ముందుచూపు చూపారు. ముందుభాగం చెక్క వేరు, మడమ వేరు. మడమ లోపలి నుంచి పొడవాటి బోల్టు బిగిస్తే అది ఉక్కు సాకెట్‌లో కూర్చుంటుంది. మడమ విరిగితే చెక్కంతా మార్చక్కర్లేదు. సైనికుడి చేతి పొడవును బట్టి పొట్టి, మామూలు, పొడుగు కొలతల్లో మడమలు ఇచ్చేవారు.

లీ 1904 ఫిబ్రవరి 24న అమెరికాలోని కనెక్టికట్‌లో చనిపోయాడు. తర్వాత కొద్ది ఏళ్లకే కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలో ఆయన రైఫిల్ తయారీ మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాకా సాగింది.

రెండో ప్రపంచయుద్ధంలో పారాచూట్ సైనికుల కోసం మడత మడమలు వచ్చాయి. అమెరికా ఎం1ఏ1 కార్బైన్‌ది అలాంటిదే. ఇప్పుడు వాటి అసలు మడమలు దొరకడం కష్టం. త్రీనాట్‌త్రీ మడమ మడత పడదు కానీ, పాతది విప్పి కొత్తది బిగించడం ఆర్మరర్‌కు చిన్న పని. మన దేశంలో ప్రైవేటుగా ఎవరైనా ఆ పని చేయాలంటే లైసెన్సు ఉండాలి. 1959 నాటి ఆయుధాల చట్టం విడిభాగాలనూ ఆయుధాలుగానే చూస్తుంది.

ఇంత సులువుగా బాగుపడటమే ఈ తుపాకీని మోసేవాళ్లకు శాపమైంది. బాగు చేయగలిగినంత కాలం కొత్తది కొనే తొందర ఎవరికీ లేకపోయింది. 2008 నవంబరు 26న ముంబయి సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే రైఫిళ్లతో వచ్చిన ఉగ్రవాదులకు ఎదురు నిలిచిన పోలీసుల చేతుల్లో ఉన్నవీ త్రీనాట్‌త్రీలే. ప్రతి గుండుకూ బోల్టు వెనక్కి లాగి ముందుకు నెట్టాల్సిన తుపాకులవి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవాన గానీ వీటికి వీడ్కోలు చెప్పలేదు.

ఆ ఆలస్యానికి లీని తప్పుపట్టలేం. తన కాలానికి మించిన యంత్రమే ఇచ్చాడు. మడమ మార్చాలా, తుపాకీనే మార్చాలా అన్నది బడ్జెట్ రాసేవాళ్లు తేల్చాల్సిన లెక్క. ఆ లెక్క తేలేదాకా టేపు చుట్టిన మడమను భుజానికి ఆనించి నిలబడింది మాత్రం కానిస్టేబుల్.