బీజగణితానికి బాట వేసిన అల్ ఖ్వారిజ్మీ

పదో తరగతి ఫలితాలు రాగానే కర్నూలు, కడప జిల్లాల్లోని మన ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. ఇంటర్‌లో పిల్లలు ఏ గ్రూపు తీసుకోవాలి? లెక్కలంటే భయపడి ఎం.పి.సి. వద్దనుకునే పిల్లలు కొందరు. ఆడపిల్లకు ఇంత కష్టమైన చదువు దేనికని సర్దిచెప్పే పెద్దలు మరికొందరు. లెక్కల పుస్తకంలో పిల్లల్ని అంతగా భయపెట్టే ఆల్జీబ్రాకు ఆ పేరు ఒక ముస్లిం పండితుని గ్రంథం నుంచే వచ్చిందని చాలామందికి తెలియదు.

ఆయన పేరు ముహమ్మద్ ఇబ్నె మూసా అల్ ఖ్వారిజ్మీ. క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారు. ఆయన పూర్వీకులది మధ్య ఆసియాలోని ఖ్వారిజమ్. అరల్ సముద్రానికి దక్షిణంగా ఉన్న ఆ ప్రాంతంలో వాన చాలా తక్కువ. అమూ దర్యా నది కాలువలే అక్కడి సేద్యానికి ఆధారం. తుంగభద్ర నీటి కోసం ఎదురుచూసే మన రాయలసీమ రైతుకు ఆ బతుకు కొత్తది కాదు.

ఆ రోజుల్లో బాగ్దాద్ విద్యకు నిలయం. 813 నుంచి 833 వరకు పాలించిన ఖలీఫా మామూన్ పండితులను చేరదీశారు. బైతుల్ హిక్మా అనే విజ్ఞాన సదనంలో గ్రీకు, పారశీక, భారతీయ గ్రంథాలు అరబీలోకి వచ్చాయి. ఖ్వారిజ్మీ అక్కడే పనిచేశారు. మామూన్ ప్రోత్సాహంతో ఆయన రాసిన గ్రంథం పేరులోని అల్ జబర్ అనే మాటే తర్వాత ఆల్జీబ్రాగా మారింది.

ఆ గ్రంథంలో నేటి గుర్తులు లేవు. లెక్కలన్నీ మాటల్లోనే ఉంటాయి. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పదింతలు కలిపితే 39 వస్తుంది, ఆ సంఖ్య ఎంత? ఆయన చతురస్రం గీశారు. దాని రెండు పక్కల అయిదేసి వెడల్పున రెండు దీర్ఘ చతురస్రాలు చేర్చారు. మొత్తం వైశాల్యం 39. మూలలో మిగిలిన ఖాళీ 25. అదీ కలిపితే 64, అంటే పెద్ద చతురస్రం భుజం 8. అందులో 5 తీసేస్తే జవాబు 3. నేటి పిల్లలు బట్టీ పట్టే సూత్రాన్ని ఆయన కళ్లకు కట్టించారు.

ఇదంతా ఆయన కాలక్షేపానికి చేయలేదు. వారసత్వం, వ్యాపారం, భూముల కొలత, కాలువల తవ్వకం వంటి జనం అవసరాల కోసమే చేశారు. గ్రంథంలో దాదాపు సగం వసీయత్, వారసత్వ లెక్కలే. ఒక స్త్రీ భర్తను, ఒక కొడుకును, ముగ్గురు కూతుళ్లను విడిచి మరణించింది. దివ్య ఖురాన్‌లోని నిసా సూరా ప్రకారం భర్తకు నాలుగో వంతు. మిగిలిన దానిలో కొడుకుకు రెండు పాళ్లు, ఒక్కో కూతురికి ఒక పాలు. ఆస్తిని 20 పాళ్లు చేస్తే భర్తకు 5, కొడుకుకు 6, ఒక్కో కూతురికి 3. అయితే ఆమె ఆస్తిలో ఏడో వంతు, ఎనిమిదో వంతు కలిపి ఒక పరాయి వ్యక్తికి వసీయత్ చేసి ఉంటే? అప్పుడు 1120 పాళ్లు చేయాలి. పరాయి వ్యక్తికి 300, భర్తకు 205, కొడుకుకు 246, ఒక్కో కూతురికి 123. లెక్క తప్పితే ఒకరి హక్కు మరొకరి పాలవుతుంది. న్యాయం చేయాలంటే మంచి మనసు ఒక్కటే చాలదు, లెక్క కూడా రావాలి.

సున్నాతో కూడిన మన భారతీయ అంకెలతో లెక్కలు చేసే పద్ధతిని ఖ్వారిజ్మీ మరో గ్రంథంలో వివరించారు. పరాయి దేశపు విద్య అని ఆయన దాన్ని దూరం పెట్టలేదు. ఖగోళ పట్టికలు, భూగోళ గ్రంథం కూడా రచించారు. 850 ప్రాంతంలో కన్నుమూశారు. 1145లో ఆయన బీజగణితం లాటిన్‌లోకి వెళ్లింది. కంప్యూటర్లను నడిపించే అల్గారిథమ్ అనే మాట ఆయన పేరు నుంచే పుట్టింది.

సుంకేసుల నుంచి కడప దాకా నీరు తెచ్చే కె.సి. కెనాల్‌ను తవ్వడానికి కూడా వాలు, కొలత తెలిసిన వారే కావాల్సి వచ్చింది. రేపటి కాలువలు, వంతెనలు, కంప్యూటర్లు మన పిల్లల చేతుల్లోనూ ఉండాలి. ఇంటర్‌లో లెక్కలు వదిలేస్తే ఇంజనీరింగ్ ద్వారం దాదాపు మూసుకున్నట్టే. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించినప్పటి నుంచీ పై చదువు మన ముంగిట్లోనే ఉంది. కావలసింది ఇంట్లో వారి ధైర్యమే.

తల్లిదండ్రులారా! ఈ జుమా రోజున పైన చెప్పిన ఆస్తి లెక్కను మీ అబ్బాయికి, మీ అమ్మాయికి ఇచ్చి చూడండి. మొదటిసారి తప్పితే కోప్పడకుండా, మళ్లీ చేయమనండి. మనకు కష్టమైందని వారికీ కష్టమని ముందే తీర్పు చెప్పవద్దు. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.