చెట్టు కింద ముసలవ్వ – మన విశాఖ శ్రీశ్రీ

శ్రీశ్రీ లేకుండా మన హాస్టల్ వార్షికోత్సవం జరగదు. మైకు దొరికితే చాలు, ఎవరో ఒకరు మహాప్రస్థానం గేయం అందుకుంటారు. మిగతా వాళ్లం చప్పట్లు కొడతాం. అదే పుస్తకంలో ఉన్న 'భిక్షువర్షీయసి'ని మాత్రం మన స్టేజీ మీద ఎవరైనా చదవగా మేము వినలేదు. పేరు నోరు తిరగదని కాబోలు. దాని అర్థం ముసలి బిచ్చగత్తె, అంతే.

శ్రీరంగం శ్రీనివాసరావు గారు 1910లో విశాఖపట్నంలో పుట్టారు. కన్నతండ్రి పూడిపెద్ది వెంకటరమణయ్య గారు. శ్రీరంగం వారికి దత్తత వెళ్లడంతో ఇంటిపేరు మారింది. పసితనంలోనే తల్లి పోయింది. మద్రాసులో జువాలజీతో 1931లో బి.ఏ. పూర్తి చేసి, 1935లో ఏ.వి.ఎన్. కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరారు.

అప్పటి విశాఖను ఒకసారి ఊహించుకోండి. 1933లో కొత్త ఓడరేవులోకి ఓడలు రావడం మొదలైంది. మాంగనీసు ఖనిజం ఎగుమతి కోసం రైలు మార్గాలు, జెట్టీలు వేశారు. ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం. ఆ దశాబ్దంలోనే ఈ కవిత పుట్టింది.

ఇందులో నినాదం లేదు. దారి పక్కన చెట్టు కింద ఒక ముసలవ్వ. జబ్బు చేసి, అడుక్కునే శక్తి కూడా పోయింది. ఈగలు ముసురుతున్నాయి. చలికాలం రాబోతోంది. ఆమె చనిపోతే పాపం ఎవరిదని గాలి అడుగుతుంది. ఎముక కొరికే కుక్క మాట్లాడదు, తొండ తప్పుకుంటుంది, ఎంగిలాకు మాత్రం తనది కాదంటుంది. జవాబు చెప్పడానికి మనిషన్నవాడు ఒక్కడూ అక్కడ కనబడడు. చదివినప్పుడల్లా మాకు అక్కడే గొంతు పట్టేస్తుంది.

1938లో ఆంధ్రప్రభలో సబ్ ఎడిటరుగా చేరి మద్రాసు వెళ్లారు. ఆ తర్వాత ఎన్నో ఉద్యోగాలు, ఎన్నో ఊళ్లు. చలం గారు ముందుమాట 1940లోనే రాసినా, పుస్తకం అచ్చయ్యేసరికి 1950 అయింది. 1937లో చనిపోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకు దాన్ని అంకితమిచ్చారు. సినిమా పాటల సంగతి చెప్పనక్కర్లేదు. 1983 జూన్ 15న మద్రాసులో కన్నుమూశారు. బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం పెట్టారు.

ఇల్లు లేనివాళ్ల కోసం పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు, రాత్రీ పగలూ తెరిచి ఉండేది, ఏర్పాటు చేయాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2011 లెక్కల్లో విశాఖ జనాభా 17 లక్షలు దాటింది. ఆ లెక్కన 17 షెల్టర్లు కావాలి.

పీజీ కౌన్సెలింగుకు వచ్చినప్పుడు లాడ్జికి డబ్బుల్లేక, ముగ్గురు మిత్రులం ఆర్టీసీ కాంప్లెక్సులో ఒక రాత్రి పడుకున్నాం. సర్టిఫికెట్ల సంచి తల కింద పెట్టుకున్నాం. మాది ఒక్క రాత్రి ముచ్చట. గోడవారగా గోనెపట్టా కప్పుకున్న అవ్వకు అది రోజూ ఉండే చోటని, ఆమె మూటలు సర్దుకున్న తీరు చూస్తేనే తెలిసింది. తెల్లారాక యూనివర్సిటీ బస్సు ఎక్కేశాం. పేరైనా అడగలేదు.

ఈసారి స్టేజీ మీద ఆ కవిత చదవడానికి ఇద్దరు తమ్ముళ్లు ఒప్పుకున్నారు.