దొరకని లైనుకు లెక్క కట్టిన ఎర్లాంగ్

నెట్‌వర్కులో రద్దీ పెరిగితే ఎన్ని ప్యాకెట్లు పోతాయో కంప్యూటర్ మీద సిమ్యులేషన్ చేసి చూసే విద్యార్థి మిత్రులు తెలుసుకోదగ్గ జీవితం ఒకటుంది. అది ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్‌ది.

ఆయన 1878 జనవరి 1న డెన్మార్కులోని లోన్‌బోర్గ్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి బడిపంతులు. 14వ ఏటనే కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష పాసైనా, వెంటనే చేరకుండా రెండేళ్లు తండ్రి బడిలోనే పాఠాలు చెప్పారు. 1901లో గణితంలో పట్టా పుచ్చుకుని, ఏడేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేశారు. గణిత సంఘంలో ఆయనకు జెన్సెన్‌తో పరిచయమైంది. జెన్సెన్ అసమానత అని మనం చదువుకుంటామే, ఆ జెన్సెనే! ఆయన కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో ముఖ్య ఇంజనీరు. ఆ పరిచయంతోనే 1908లో ఎర్లాంగ్ ఆ కంపెనీలో చేరారు.

అక్కడి చిక్కు ఇదీ: లైన్లు తక్కువైతే కాల్స్ పోతాయి, ఎక్కువైతే డబ్బు దండగ. సగటు చూసి వేస్తే సరిపోదా అంటారా? సరిపోదు. కాల్స్ వరసగా రావు, పాయిసాన్ సూత్రం ప్రకారం ఎలా పడితే అలా వస్తాయని 1909లో ఆయన చూపారు. పోయే కాల్స్ లెక్కకు 1917లో సూత్రం ఇచ్చారు. సగటున 2 లైన్లు నిండేంత రద్దీ ఉందనుకుందాం. రెండే వేస్తే నూటికి 40 కాల్స్ పోతాయి. నాలుగు వేస్తే దాదాపు 10, అయిదు వేస్తే నాలుగు లోపే. ఎన్ని వేసినా నష్టం సున్నా కాదు. ఎంత నష్టం ఓర్చుకోగలమో ముందే తేల్చుకోవాలి. బ్రిటిష్ పోస్టాఫీసు సైతం ఈ సూత్రాన్ని స్వీకరించింది.

ఆయన ఒట్టి కాగితం మీది పండితుడు కాదు. నిచ్చెన మోసే పనివాణ్ణి వెంటబెట్టుకుని, వీధుల్లోని మాన్‌హోళ్లలోకి దిగి కొలతలు స్వయంగా తీసుకునేవారు. పెళ్లి చేసుకోలేదు. దాదాపు 20 ఏళ్ల ఉద్యోగంలో జబ్బు పేరుతో సెలవే పెట్టలేదు. చివరికి ఉదరానికి ఆపరేషన్ జరిగాక 1929 ఫిబ్రవరి 3న, 51 ఏళ్లకే కన్నుమూశారు. 1946లో టెలిఫోన్ రద్దీని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.

ప్యాకెట్లకు ఆయన సూత్రం ఉన్నదున్నట్టు వర్తించదు. అవి బఫర్‌లో కాసేపు ఆగగలవు, పైగా గుంపులు గుంపులుగా వస్తాయి. అయినా మీ ప్రోగ్రాంను నమ్మేముందు ఒక్క పని చేయండి. క్యూ తీసేసి, ప్యాకెట్లను పాయిసాన్ ప్రకారం పంపి, పోయినవాటిని ఆయన లెక్కతో పోల్చి చూడండి. తేడా వస్తే తప్పు ఎర్లాంగ్‌ది మాత్రం కాదు!